జామాయిల్, సుబాబుల్ తోటలకు ఎఫ్‌ఎస్‌సీ గ్రూపు సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి

మీకు మూడెకరాల జామాయిల్ ఉందనుకుందాం. పక్క రైతుకు రెండెకరాల సుబాబుల్, వాగు అవతల ఇంకొకరికి సరుగుడు. సారపాక, కాగజ్‌నగర్, రాజమహేంద్రవరం వైపు కాగితం మిల్లులకు వెళ్లే కర్రలో చాలాభాగం ఇలాంటి చిన్న తోటలదే. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతుల చేత పెంచించుకోవాలని 1988 జాతీయ అటవీ విధానం చెప్పింది. ఆ కాగితం కొనేవాళ్లు ఇప్పుడు ఇంకో మాట కూడా అడుగుతున్నారు: ఈ కర్ర ఎక్కడిది? అడవి కొట్టి వేసిన తోటదా? కోసినవాళ్లకు కూలి సరిగా ముట్టిందా? ఈ ప్రశ్నలకు బయటి సంస్థ వచ్చి, చూసి, రాసిచ్చే జవాబే సుస్థిర అటవీ నిర్వహణ సర్టిఫికెట్. ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టివార్డ్‌షిప్ కౌన్సిల్) పద్ధతిలో వచ్చేది అలాంటిదే.

మూడెకరాల రైతు ఒంటరిగా దీన్ని తెచ్చుకోలేడు. ఆడిటర్ల ఫీజు, ప్రయాణం, ఏటేటా తనిఖీ కలిపితే తోట మీద వచ్చే డబ్బు దానికే చాలదు. అందుకే చాలామంది రైతులు కలిసి ఒకటే తీసుకునే గ్రూపు సర్టిఫికెట్ ఉంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఇలాంటి గ్రూపుల రికార్డులు చూసే పనిలో ఉన్నాను కాబట్టి, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందే చెప్పాలనిపించిన ఒక మాట ఉంది. సర్టిఫికెట్ గ్రూపుకి వస్తుంది, మీ ఒక్క చేనుకి కాదు. ఒక సభ్యుడి చేలో దొరికిన తప్పు అందరి పేరా రాస్తారు. కాబట్టి ఎంతమంది చేరారన్నది కాదు, ఎవరు చేరారన్నది ముందు చూసుకోవాలి. నలభై మందితో నిక్కచ్చిగా మొదలుపెట్టిన గ్రూపు, హడావిడిగా నాలుగు వందల మందిని చేర్చుకున్న గ్రూపుకన్నా బాగా నిలుస్తుంది.

ముందు ఏ సర్టిఫికెట్టో తేల్చుకోండి

ప్రపంచంలో రెండు పెద్ద పద్ధతులున్నాయి. ఎఫ్‌ఎస్‌సీ 1993లో, పీఈఎఫ్‌సీ (దేశాల సొంత అటవీ ప్రమాణాలను గుర్తించే అంతర్జాతీయ సంస్థ) 1999లో మొదలయ్యాయి. మన దేశంలో ఎన్‌సీసీఎఫ్ అనే సంస్థ తయారుచేసిన ప్రమాణాన్ని పీఈఎఫ్‌సీ 2019లో గుర్తించింది. 2023 డిసెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ భారత అటవీ, కలప ధ్రువీకరణ పథకాన్ని కూడా తెచ్చింది. అందులో అడవి బయట, పొలాల్లో పెంచే చెట్లకు విడిగా ఒక విభాగం ఉంది. దాని నిర్వహణ భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ చూస్తుంది.

ఏది మంచిదని వాదించుకుంటూ కూర్చోకండి. మీ కర్ర కొనే మిల్లుకు ఏది కావాలో కనుక్కోండి, అంతే. మిల్లు ఎఫ్‌ఎస్‌సీ అడుగుతుంటే మీరు వేరేది తెచ్చుకుని లాభం లేదు. కింద చెప్పేదంతా ఎఫ్‌ఎస్‌సీ లెక్కనే చెబుతున్నాను. చేలో చేయాల్సిన పనుల్లో చాలావరకు మిగతా వాటికీ పనికొస్తాయి.

ఎఫ్‌ఎస్‌సీకి పది సూత్రాలున్నాయి: చట్టాన్ని పాటించడం, కార్మికుల హక్కులు, ఆదివాసుల హక్కులు, చుట్టుపక్కల ఊళ్లతో సంబంధాలు, తోట వల్ల కలిగే మేలు, పర్యావరణం, ప్రణాళిక, పర్యవేక్షణ, ప్రత్యేకంగా కాపాడాల్సిన విలువలు, చేలో పనులు చేసే తీరు. వీటిని దేశ పరిస్థితులకు తగ్గట్టు విడమరిచిన జాతీయ ప్రమాణం ఉంటుంది. ఆడిటర్ చేతిలో ఉండేది అదే. గ్రూపు నడిపేవాళ్లు దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవాలి. రైతులందరూ చదవక్కర్లేదు, వాళ్ల వంతుకు వచ్చేది తెలుగులో రెండు పేజీలుగా రాసి చేతికివ్వండి.

సర్టిఫికెట్ ఎవరి పేర ఉంటుంది?

గ్రూపుకు ఒక నిర్వహణ సంస్థ ఉండాలి. అది రైతుల సహకార సంఘం కావచ్చు, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ కావచ్చు, స్వచ్ఛంద సంస్థ కావచ్చు, మిల్లే కావచ్చు. ఖర్చు మిల్లు పెట్టుకుంటానంటే చాలామంది వెంటనే సరే అంటారు. అనండి, తప్పులేదు. కానీ సంతకం పెట్టే ముందు మూడు విషయాలు కాగితం మీద అడిగి తీసుకోండి. సర్టిఫికెట్ మిల్లు పేర ఉంటే, అదే కర్రను ఇంకో మిల్లుకు సర్టిఫైడ్ కర్రగా అమ్ముకోవచ్చా? సర్టిఫైడ్ కర్రకు టన్నుకు అదనంగా ఎంత ఇస్తారు, ఎప్పటిదాకా ఇస్తారు? గ్రూపు నుంచి బయటికి రావాలంటే ఎలా?

అదనపు ధర ఇవ్వాలని ఎఫ్‌ఎస్‌సీ ఎవరినీ బలవంతం చేయదు. అది పూర్తిగా మీకూ కొనేవాళ్లకూ మధ్య బేరం. సర్టిఫికెట్ రాగానే రేటు పెరుగుతుందని రైతులకు మాటిచ్చిన గ్రూపు రెండో ఏడు నిలబడటం కష్టం. కొనుగోలు ఖాయంగా ఉంటుంది, కూలీలకు దెబ్బలు తగ్గుతాయి, మందు ఖర్చు తగ్గుతుంది అని చెప్పండి. ఇవి మీ చేతిలో ఉన్నవి.

భూమి కాగితాలు: ఇక్కడ మొహమాటం వద్దు

ప్రతి సభ్యుడి దగ్గర పట్టాదారు పాసుపుస్తకం నకలు, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 1బి, అడంగల్, తెలంగాణలో అయితే ఆన్‌లైన్ రికార్డులోని వివరాలు తీసుకోండి. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చేలో ఉన్నదానితో సరిపోవాలి. తండ్రి పేర ఉన్న పట్టాలో కొడుకు సాగుచేస్తుంటే ఆ సంగతి రాయించి సంతకం తీసుకోండి.

ఏజెన్సీ మండలాల్లో ఇంకో చిక్కుంది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి మారడం చెల్లదు. గిరిజనుడి పేర పట్టా, గిరిజనేతరుడి చేతిలో తోట ఉంటే ఆ తోటను గ్రూపులోకి తీసుకోకండి. ఎంత దగ్గరివాళ్లయినా సరే. ఆడిటర్ పక్క ఊరిలో నలుగురిని అడిగితే పది నిమిషాల్లో బయటపడే విషయం ఇది. అది బయటపడిన రోజు మిగతా రైతుల కష్టం మొత్తం మట్టిలో కలుస్తుంది. దానికన్నా ముందు, అది అన్యాయం.

అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టాలను విడిగా చూడాలి. ఆ హక్కు వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి వీల్లేదు. అక్కడ తోట ఎప్పుడు వేశారో, అంతకుముందు ఏముందో తెలియాలి. ఎందుకంటే ఎఫ్‌ఎస్‌సీకి తేదీలు ముఖ్యం. 2020 డిసెంబరు 31 తర్వాత సహజమైన అడవిని కొట్టి వేసిన తోటకు, చాలా చిన్న మినహాయింపులు తప్ప, సర్టిఫికెట్ రాదు. 1994 డిసెంబరు నుంచి ఆ తేదీలోపు కొట్టినదైతే, జరిగిన నష్టాన్ని పూడ్చే బాధ్యత ముందు తేలాలి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు వెనక్కి జరిపి చూడొచ్చు. ప్రతి చేనుకూ ఆ చిత్రం తీసి ఫైల్లో పెట్టండి. అరగంట పని, తర్వాత ఎన్నో వాదనలు తప్పుతాయి.

ఫోన్‌తోనే చేను చుట్టూ నడిచి హద్దులు గుర్తించండి. యూరప్‌కు వెళ్లే కాగితం విషయంలో అక్కడి 2023 నాటి అడవుల నరికివేత నిబంధన కూడా ఇదే అడుగుతుంది. 4 హెక్టార్లు, అంటే దాదాపు పదెకరాలు దాటిన తోటకు హద్దు మొత్తం చూపాలి, అంతకు లోపయితే ఒక్క బిందువు చాలు. నా సలహా ఏమిటంటే, చిన్న చేనుకైనా హద్దు మొత్తం తీయండి.

చేను నడిచి చూడండి

ఫారాలు నింపడానికి ముందు ప్రతి చేనూ రైతుతో కలిసి ఒకసారి నడవాలి. ఇంట్లో కూర్చుని నింపిన ఫారంలో "వాగు లేదు" అని ఉంటుంది. వెళ్లి చూస్తే చేను చివర వానాకాలంలో మోకాలిలోతు పారే వాగు ఉంటుంది.

నడుస్తూ చేతి మ్యాపు గీయండి. వాగు, కుంట, కాలువ, బావి గుర్తించండి. వాగు ఒడ్డున మొక్క పెట్టకుండా ఎంత జాగా వదలాలో ప్రమాణం చూసి గ్రూపుకు ఒకే నియమం రాసుకోండి. ఆ జాగాలో దున్నకూడదు, మందు కొట్టకూడదు, ఉన్న మద్ది, కానుగ, నేరేడు చెట్లను ముట్టకూడదు. సుబాబుల్ రైతులు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. సుబాబుల్ కాయ ఎండి పగిలితే గింజ నీళ్లలో కొట్టుకుపోయి కింద వాగంతా మొలుస్తుంది. ప్రపంచంలో మరీ ఎక్కువగా దురాక్రమించే వంద జాతుల జాబితాలో ఆ చెట్టు పేరు ఉంది. అడవికి, వాగుకు ఆనుకున్న చేలో సుబాబుల్ వేస్తే కాయ ముదరకముందే కోత పెట్టుకోండి, హద్దు దాటి మొలిచిన మొక్కలను ఏటా పీకించండి, పీకించిన తేదీ రాయండి.

విస్తీర్ణంలో కనీసం పది శాతం ప్రకృతికి వదలాలన్న నియమం విని రైతులు బెదిరిపోతారు. మూడెకరాల్లో పది శాతమంటే ముప్పై సెంట్లు. చిన్న కమతాలకు దీన్ని అమలుచేసే వెసులుబాట్లు ఉన్నాయి, గ్రూపు మొత్తం మీద లెక్క చూసుకోవచ్చు. గట్ల మీది తాటిచెట్లు, వాగు ఒడ్డు, మోటబావి చుట్టూ ఉన్న చెట్లు, చేనులో మిగిలిన ఇప్పచెట్టు, అన్నీ గుర్తించి చూస్తే చాలా ఊళ్లలో ఆ లెక్క సగం అక్కడే తేలుతుంది.

ఇప్పచెట్టు దగ్గర ఆగి ఇంకో ప్రశ్న అడగండి: పువ్వు ఎవరు ఏరుకుంటారు? ఎండాకాలం తెల్లవారుజామున కోయ ఆడవాళ్లు మీ చేలోంచి నడిచి వెళ్తుంటే, తోట చుట్టూ కంచె వేయగానే వాళ్ల దారి పోతుంది. ప్రమాణం దృష్టిలో అది పెద్ద విషయం. గ్రామదేవత గద్దె, వేల్పుల చెట్టు, ఊరి శ్మశానం, పశువులు నీళ్లు తాగే చెలమ ఇలాంటివన్నీ ప్రత్యేకంగా కాపాడాల్సిన విలువల కిందికి వస్తాయి. వీటిని మ్యాపులో చూసి చెప్పలేం. ఊళ్లో పెద్దవాళ్లను, ముఖ్యంగా ఆడవాళ్లను అడగాలి. ఆదివాసుల హక్కుల మీద ప్రభావం పడే పని ఏదైనా ఉంటే వాళ్ల సమ్మతి ముందుగా, ఒత్తిడి లేకుండా, విషయమంతా తెలిపి తీసుకోవాలి. వేలిముద్రలు వేయించుకుని వచ్చిన కాగితాన్ని సమ్మతి అనరు. గ్రామసభ పెట్టినప్పుడు ఎవరు ఏమడిగారో కూడా రాయండి. అభ్యంతరాలు రాసి ఉన్న మినిట్స్‌ను ఆడిటర్లు ఎక్కువ నమ్ముతారు, నేనైనా అంతే.

మొక్క, మందు

క్లోన్ మొక్క అంటే జన్యుమార్పిడి మొక్క అనుకుని ఎఫ్‌ఎస్‌సీలో కుదరదేమోనని చాలామంది అడుగుతారు. జన్యుమార్పిడి మొక్కలు నిషేధం, నిజమే. కానీ జామాయిల్‌లో భద్రాచలం క్లోన్లు, 7 గానీ 413 గానీ, మంచి చెట్టు కొమ్మను వేరు తొడిగించి చేసినవే. వాటికి అడ్డులేదు. అయితే ఊరంతా ఒకే క్లోన్ వేయకండి. 2000ల తొలి ఏళ్లలో జామాయిల్ ఆకుల మీద, ఈనెల మీద బొడిపెలు కట్టించే చిన్న కందిరీగ మన దేశంలోకి వచ్చినప్పుడు, తట్టుకోలేని రకాలు వేసినవాళ్లు బాగా నష్టపోయారు. రెండు మూడు క్లోన్లు కలిపి, చేను చేనుకు మార్చి వేయించండి. నర్సరీ బిల్లు మీద క్లోన్ నంబరు రాయించుకోండి.

మందుల దగ్గర ఎఫ్‌ఎస్‌సీ ప్రమాదకరమైన వాటిని మూడు మెట్లుగా విడదీసింది: నిషేధం, తీవ్ర పరిమితి, పరిమితి. తర్వాతి రెండింటిలోవి వాడాలంటే ముందుగా మనుషులకు, నీటికి ఎంత ముప్పో అంచనా వేసి రాయాలి, వేరే దారి లేదని చూపాలి. మీ ఊరి ఎరువుల కొట్లో అమ్మే మందుల పేర్లు రాసుకుని ఒక్కొక్కటీ జాబితాతో పోల్చి చూడండి. మొదట చూసేది చెదల మందు, తర్వాత గడ్డి మందు. ఫోరేట్ గుళికలు 2020 చివరి నుంచి మన ప్రభుత్వమే నిషేధించింది. పాత డబ్బా ఎవరి పాకలోనైనా మిగిలి ఉంటే దాన్నీ లెక్కలోకి తేవాలి. నేను చూసిన ఒక ఆడిట్‌లో చేను అంతా బాగుంది, రికార్డు బాగుంది. చివరికి పశువుల కొట్టంలో పాలక్యాను పక్కన ఖాళీ మందు డబ్బా కనిపించింది, అందులో దాణా పోసి పెట్టారు. ఆ రైతు ఇంటి ఆడవాళ్లకు ఎవరూ ఆ విషయం చెప్పలేదు. శిక్షణ అంటే మగవాళ్లను పిలిచి టీ ఇచ్చి పంపడం అనుకున్నాం, తప్పు మాది. అప్పటి నుంచి మందుల మీద మాట్లాడేటప్పుడు ఇంటికే వెళ్తున్నాం.

కోత ముఠా

గ్రూపులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. తోట మీది, కోత మీది కాదు. కర్ర బేరం కుదరగానే ఏజెంటు ముఠాను పంపుతాడు, మేస్త్రి లెక్క చూస్తాడు, రైతు చివర్లో డబ్బు తీసుకుంటాడు. ఆ ముఠాలో ఎవరున్నారో రైతుకు తెలియదు. ప్రమాణం మాత్రం మీ చేలో పనిచేసిన ప్రతి మనిషికీ గ్రూపునే బాధ్యుల్ని చేస్తుంది.

కాబట్టి ముఠా చేలో దిగేముందు పేర్లు, వయసులు రాయండి. పద్దెనిమిది నిండని పిల్లలు రంపం మిషన్ దగ్గరగానీ, లోడింగు దగ్గరగానీ, మందు దగ్గరగానీ ఉండకూడదు. అమ్మానాన్నలతో వచ్చి బెరడు తీస్తున్న పిల్లవాడు "ఊరికే కూర్చున్నాడు" అంటే కుదరదు. కనీస వేతనానికి తక్కువ ఇవ్వకూడదు. టన్ను లెక్కన ఇచ్చినా రోజుకు ఎంత పడుతుందో లెక్కవేసి చూడండి. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ ఇచ్చే అలవాటు బెరడు తీసే చోట ఇంకా ఉంది. అది మానాలి.

అడ్వాన్సు సంగతి తప్పకుండా అడగండి. పండక్కి ముందు మేస్త్రి ఇచ్చిన డబ్బు తీరేదాకా వేరే పనికి వెళ్లకూడదనే షరతు ఉంటే అది వెట్టి. 1976 నుంచి చట్టం దాన్ని నిషేధించింది. మేస్త్రిని పక్కకు పంపి కూలీలతో విడిగా మాట్లాడండి. ఆడిటరూ అలాగే చేస్తారు.

హెల్మెట్, బూట్లు, చేతి తొడుగులు, మిషన్ పట్టేవాడికి కాలి రక్షణ, ప్రథమ చికిత్స పెట్టె, తాగునీళ్లు, దగ్గరి ఆసుపత్రి నంబరు. ఇవి ప్రతి రైతూ కొనక్కర్లేదు. గ్రూపు నాలుగైదు సెట్లు కొని కోత ఉన్న చోటికి పంపితే చాలు. ఎండలో బూట్లు వేసుకోమంటే ముఠా వాళ్లు వద్దంటారు. తేలికవి, కాలికి సరిపోయేవి కొనండి. సైజు సరిపోని బూట్లు ఆడిట్ రోజు తప్ప ఎవరూ వేసుకోరు.

నరికివేత అనుమతి మాట. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పట్టా భూమిలోని చెట్లకూ నియమాలున్నాయి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు లాంటి వాటికి సాధారణంగా మినహాయింపు ఉంటుంది, అయినా మీ అటవీ రేంజి కార్యాలయంలో అప్పటి ఉత్తర్వు నకలు తీసుకుని ఫైల్లో ఉంచండి. అదే చేలో ఉన్న వేప, టేకు ఆ మినహాయింపులోకి వస్తాయనుకుని నరికేయకండి.

మీ తనిఖీ ముందు, వాళ్ల తనిఖీ తర్వాత

బయటి ఆడిటర్ రాకముందు గ్రూపు తనంతట తానే ఏటా కొన్ని చేలు తనిఖీ చేయాలి. ఎన్ని చేలన్నది సభ్యుల సంఖ్యకు వర్గమూలం ఆధారంగా లెక్కిస్తారు, అంటే 400 మంది ఉంటే 20 చేల చుట్టూ ఉంటుంది. కోత నడుస్తున్న చేలు, వాగు పక్క చేలు, కొత్త సభ్యుల చేలు తప్పక అందులో ఉండాలి. బాగున్న చేలే ఎంచుకుంటే మిమ్మల్ని మీరు మోసం చేసుకున్నట్టే. రికార్డులన్నీ కనీసం ఐదేళ్లు దాచాలి.

ఆడిట్ రోజు రైతుకు జవాబులు నేర్పించి పంపకండి. ఆడిటర్ దొరికిన లోపాన్ని చిన్నదా పెద్దదా అని విడదీస్తారు. చిన్నదైతే మామూలుగా ఏడాది గడువు, పెద్దదైతే మూడు నెలలు. పెద్ద లోపాలు ఉండగా మొదటి సర్టిఫికెట్ రాదు. వచ్చాక ఏటా జరిగే తనిఖీలో ఐదు పెద్ద లోపాలు తేలితే సర్టిఫికెట్ నిలిపేస్తారు. సరిగా ఉంటే ఐదేళ్లు చెల్లుతుంది. లోపం రాసినప్పుడు ఆడిటర్‌తో వాదించడంకన్నా అది ఎందుకు జరిగిందో ఆ సాయంత్రమే కూర్చుని మాట్లాడుకోండి. తప్పు చేసిన రైతు తలదించుకుని కూర్చుంటాడు. అతణ్ని తీసేద్దామనే మాట ముందు వస్తుంది. మొదటిసారయితే సరిదిద్దే అవకాశం ఇవ్వండి. తప్పుడు భూమి కాగితం, పిల్లల పని, ఈ రెండింటికి మాత్రం వద్దు.

లోడు

సర్టిఫికెట్ చేతికి వచ్చాక కూడా కర్ర కలిసిపోతే అంతా వృథా. సభ్యుడి చేలో కోసిన కర్రను అదే ట్రాక్టరులో పక్క చేను కర్రతో కలపకూడదు. లోడు సరిపోలేదని పక్కవాళ్లది నాలుగు మోపులు వేయడం ఊళ్లలో మామూలే, డ్రైవరుకు ముందే చెప్పండి. ప్రతి లోడుకు సభ్యుడి పేరు, నంబరు, సర్వే నంబరు, కోత తేదీ, బండి నంబరు, కాటా తూకం ఉన్న చీటీ రాయాలి. అమ్మకం బిల్లు మీద గ్రూపు సర్టిఫికెట్ కోడ్, "ఎఫ్‌ఎస్‌సీ 100%" అన్న మాట ఉండాలి. ఈ రెండూ లేని బిల్లుతో వెళ్లిన కర్ర మిల్లు గేటు దాటాక మామూలు కర్రే. ఎఫ్‌ఎస్‌సీ గుర్తును అనుమతి లేకుండా చేను బోర్డు మీదగానీ బండి మీదగానీ వేయించకండి.

ఏడాది చివర చేను విస్తీర్ణం, చెట్ల వయసు చూసి అంచనా వేసిన దిగుబడినీ, చీటీల్లో వచ్చిన టన్నులనూ పక్కపక్కన పెట్టండి. మూడెకరాల చేను నుంచి పదెకరాల కర్ర వెళ్లినట్టు కనిపిస్తే ఆడిటర్ కన్నా ముందు మీరే ఆ రైతు ఇంటికి వెళ్లాలి. కోత అయిన చేలో మోళ్లను చిగురించనిస్తారా, పీకి కొత్త మొక్క పెడతారా అని అడిగి, అదే రోజు మ్యాపులో రాసుకుని రండి.